యండమూరి థ్రిల్లర్లలో గడువు చేసే పని

యండమూరి వీరేంద్రనాథ్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేవి కాష్మోరా, చేతబడి, లైటు ఆర్పకుండా పడుకున్న రాత్రులు. కానీ ఆయన రాసిన నవలల్లో క్షుద్రశక్తులున్నవి కొన్నే. మిగతా వాటిల్లో లాయర్లుంటారు, చెస్ ఆడేవాళ్ళుంటారు, జేబులో పైసా లేకుండా డబ్బు సంపాదిస్తానని బయల్దేరిన కుర్రాళ్ళుంటారు, దయ్యం ఊసే ఉండదు. అయినా చదువుతుంటే పట్టే టెన్షన్ మాత్రం ఒకటే. పుస్తకం మూసి అన్నానికి లేవడం రెండు రకాల నవలలతోనూ కష్టమే. అంటే ఆ పట్టు దయ్యంలో లేదన్నమాట. వరసగా నాలుగైదు నవలలు మళ్ళీ చదివితే అన్నిట్లోనూ కనపడేది గడువు. ఫలానా రోజు లోపల ఇది జరగాలి, జరక్కపోతే ఇక అంతే. పాపకి ఇన్ని రోజులే, ఉరికి ఇంక ఇంతే టైము, పందేనికి ఇన్నేళ్ళే. ఆయన నవలలు గానీ సినిమాలు గానీ ఎక్కడ పండాయో, ఎక్కడ తేలిపోయాయో ఈ గడువు పట్టుకుని వెళ్తే చాలా వరకు తెలిసిపోతుంది.

ఆయన పుట్టింది 1948 నవంబర్ 14న, రాజోలులో. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ జిల్లా. గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోయాక, ఇటు వసిష్ఠ అటు వైనతేయ, మధ్యలో కొబ్బరితోటలతో రాజోలు ప్రాంతం. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ, చేసింది ఆర్థిక సంస్థల్లో ఉద్యోగం. రాత మొదలైంది చిన్న కథలతోనూ నాటకాలతోనూ. ‘కుక్క’, ‘రఘుపతి రాఘవ రాజారాం’ లాంటి నాటకాలు నవలలకంటే ముందే ఆయనకి పేరు తెచ్చాయి. మొదటి నవల ‘ఋషి’.

ఈ జీవితరేఖలో రెండు సంగతులు ఆయన నవలలకి బాగా పనికొచ్చాయని అనిపిస్తుంది. ఒకటి నాటకం. స్టేజీ మీద తెర పడే ముందు చెప్పే డైలాగు ఏదో ఒకటి తెగ్గొట్టాలి, లేకపోతే రెండో అంకానికి జనం టీకి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. రెండోది లెక్కల పుస్తకం. అప్పు ఎప్పుడు పుట్టింది, వడ్డీ ఎంత, తీర్చాల్సిన తారీఖు ఏది, తీర్చకపోతే ఏం పోతుంది, అకౌంటెంటు రోజంతా చూసేది ఇదే. యండమూరి కథలో మొదటి యాభై పేజీల్లో కనపడే ప్రతి చిన్న వస్తువూ, ప్రతి చిన్న మాటా ఒక అప్పులాంటిది, చివరికి వచ్చేసరికి వడ్డీతో సహా తీరుతుంది. ఎక్కడైనా తీరకుండా వదిలేస్తే పాఠకులు ఉత్తరాలు రాసి మరీ అడిగే రోజులవి.

ఇంకో మాట, కొంచెం పక్కకి వెళ్ళి. డెల్టాలో బతుకు కూడా చాలా వరకు తారీఖుల మీదే నడుస్తుంది. నెలన్నరకో రెండు నెలలకో కొబ్బరి దింపు, ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్ళు వదులుతారు, ఆలోపు ఆకుమడి సంగతి చూసుకోవాలి, కౌలు ఫలానా పంటకి కట్టాలి, తాకట్టు ఫలానా రోజుకి విడిపించాలి. రాజోలులో పుట్టడం వల్లే ఆయన ఇలా రాశాడని చెప్పడం మరీ సాగదీసినట్టే అవుతుంది. కానీ ఆ నవలలు ఇక్కడి ఇళ్ళల్లో అంతలా ఎందుకు అతుక్కున్నాయంటే ఒక కారణం ఇది కావచ్చు, తారీఖు దగ్గర పడుతుంటే గుండెలో కలిగే గుబులు ఈ నేల మీద ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆయన వచ్చేసరికి తెలుగులో సస్పెన్స్ లేదని కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు, మధుబాబు షాడో ఉన్నాడు. అయితే అవి ఎక్కువగా పాకెట్ సైజు పుస్తకాలు, బస్టాండులో కొని ప్రయాణంలో చదివేవి, పిల్లలైతే క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేవి. ఇంట్లోకి అందరి ఎదురుగా వచ్చేది వారపత్రిక, అందులో సీరియల్ అంటే 1970ల్లో ప్రధానంగా రచయిత్రుల కుటుంబ నవల, ప్రేమ నవల. యండమూరి చేసిన పెద్ద పని థ్రిల్లర్‌ని ఆ వారపత్రికలోకి తెచ్చి అమ్మ, అమ్మమ్మ, కాలేజీ కుర్రాడు, గుమస్తా ఉద్యోగం చేసే నాన్న ఒకే కథ కోసం ఒకే రోజు ఎదురుచూసేలా చెయ్యడం. ఒక్క కాపీ నాలుగిళ్ళు తిరిగేది. ముందు చదివినవాళ్ళు చెప్పేస్తారని మిగతావాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు.

కోనసీమ లోపలి ఊళ్ళకి పత్రిక బస్సులో కట్టగా వచ్చేది, లంక ఊళ్ళకైతే పడవ కూడా దాటాలి. అమలాపురంలో చదివేసిన సంచిక లంకలో మర్నాడు గానీ దొరికేది కాదు. ఆ ఒక్క రోజు తేడా ఎంత పెద్దదో సీరియల్ పిచ్చి ఉన్నవాళ్ళకే తెలుసు.

‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ సంగతి చాలామందికి తెలిసిందే. తులసి అనే చిన్న పాప, ఆ పాప మీద జరిగే క్షుద్రప్రయోగం, కూతుర్ని కాపాడుకోవాలని కొట్టుకునే తల్లిదండ్రులు. ఇందులో భయం ఎక్కడ పుడుతోందో కొంచెం దగ్గరికెళ్ళి చూడాలి. పాపకి ఏదో అవుతోందని మనకి ముందే తెలుసు, తల్లిదండ్రులకి తెలియదు. వాళ్ళు జ్వరమనుకుంటారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. డాక్టరు తన చదువు ప్రకారం చెప్పేది తప్పు అనిపించదు, చాలా నమ్మదగ్గట్టే ఉంటుంది. ఆ వైద్యం వివరమంతా పాఠకుడు చదవాల్సిందే. చదువుతున్నంతసేపూ లోపల ఒకటే గోల, రోజులు అయిపోతున్నాయి, వీళ్ళింకా ఎక్స్‌రేల దగ్గరే ఉన్నారు అని. మామూలుగా సమాచారం వస్తే కథ ఆగిపోతుంది, పాఠకుడు పేజీలు తిప్పేస్తాడు. ఇక్కడ సమాచారం ఇచ్చేకొద్దీ గడువు కరుగుతుంది కాబట్టి వివరణే టెన్షన్ అయి కూర్చుంది. ఇది అప్పటి తెలుగు సీరియల్‌కి నిజంగా కొత్త.

ఇదే పద్ధతిని మన రేవు మీదికి తెచ్చి చూద్దాం. సఖినేటిపల్లి రేవులో రాత్రి ఆఖరి పంటు, అంటే జనాన్నీ బళ్ళనీ నది దాటించే ఇంజను పడవ, కదలబోతోంది. చేతిలో గోనెసంచితో ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. నది మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఇంతవరకే చెబితే ఇదొక ఇబ్బంది, అంతే. పంటు నడిపేవాడిని నాలుగు తిట్టి ఊరుకుంటాం. అదే కథ ఇలా మొదలుపెడితే? నర్సాపురం స్టేషన్‌లో రైలు ఇంకో నలభై నిమిషాల్లో కదులుతుంది, ఆ రైల్లో వెళ్ళిపోతున్న మనిషికి సంచిలో ఉన్న కాగితం అందకపోతే తెల్లారేసరికి ఒక ఇల్లు వేలంలో పోతుంది. ఇప్పుడు ఇంజను ఆగింది. ఇక్కడ రచయిత తొందరపడకుండా రెండు పేజీలు తీసుకుని డీజిల్ పైపులో గాలి ఎలా చేరుతుందో, దాన్ని ఎలా తీస్తారో, సముద్రం పోటు మీదున్నప్పుడు వసిష్ఠ నీళ్ళు వెనక్కి ఎలా తంతాయో, ఆగిన పంటు ఎటు కొట్టుకుపోతుందో చెబుతాడు. అవతలి ఒడ్డున లైట్లు కనపడుతూనే ఉంటాయి. మెకానిక్ ఒక్కో నట్టు విప్పుతుంటే పాఠకుడికి ఒక్కో నిమిషం పోతున్నట్టుంటుంది. ఆ వారం ఎపిసోడ్ ఇంజను స్టార్టయిన చోట ముగించడు. ఇంజను స్టార్టయి, పంటు కదిలి, అప్పుడు ఆ మనిషి సంచిలో చెయ్యి పెట్టి చూసుకునే చోట ఆపుతాడు.

యండమూరి సీరియల్ ముగింపుల్లో ఉన్న నేర్పు ఇలాంటిదే. ప్రమాదం దగ్గర ఆపడం ఎవరైనా చేస్తారు. ఒక ప్రమాదం తీరిపోయిందని పాఠకుడు ఊపిరి తీసుకున్న మరుక్షణం ఇంకోటి తెరిచి ఆపడం కష్టం. మొదటి రకం ముగింపుకి వారంలో మరుపొస్తుంది. రెండో రకం వారమంతా నసపెడుతుంది.

‘అభిలాష’ దగ్గరికొస్తే గడువు ఇంకా పచ్చిగా కనపడుతుంది. ఉరిశిక్ష రద్దు చెయ్యాలన్న కోరికతో ఒక యువ లాయరు, అమాయకుడికి కూడా ఉరి పడొచ్చని చూపించడానికి తనే ఒక హత్యకేసులో ఇరుక్కుంటాడు. బయటపడే దారి ముందే ఏర్పాటు చేసుకుంటాడు. ఆ దారి మూసుకుపోతుంది. ఇంక ఉరి తారీఖు దగ్గర పడటమే కథ. ఇది ఉబుసుపోక కోసం ఎంచుకున్న విషయం కాదని గుర్తుపెట్టుకోవాలి. 1980లోనే సుప్రీంకోర్టు బచన్ సింగ్ కేసులో ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనంటూ, అరుదైన వాటిలో కెల్లా అరుదైన కేసుల్లో మాత్రమే వెయ్యాలని చెప్పింది. లా చదివినవాళ్ళు గదుల్లో కూర్చుని మాట్లాడుకునే వాదనని రాజోలు, పాలకొల్లు, భీమవరంలో వీధరుగు మీద కూర్చునేవాళ్ళ నోటికి తెచ్చింది ఇలాంటి నవలే. ఉరిశిక్ష ఉండాలా వద్దా అని అన్నం దగ్గర గొడవ పడ్డ ఇళ్ళు తక్కువేం కాదు. పాపులర్ నవల చేసే పనుల్లో ఇది చాలా విలువైనది, దానికి రావాల్సినంత గౌరవం మన సాహిత్య విమర్శలో రాలేదు.

1983లో ఎ.కోదండరామిరెడ్డి దర్శకత్వంలో, కె.ఎస్.రామారావు నిర్మాతగా, చిరంజీవి హీరోగా ఆ నవల సినిమా అయింది, ఇళయరాజా సంగీతం. సినిమాగా కూడా నిలబడింది. ఎందుకు నిలబడిందంటే ఉరికంబం కంటికి కనపడే గడువు. తారీఖు ఫలానా అని ఒక్కసారి చెప్పేస్తే చాలు, ఆ తర్వాత పాటొచ్చినా, కామెడీ వచ్చినా ప్రేక్షకుడి లోపల గడియారం ఆగదు. నవల్లో పేజీలకి పేజీలు చెప్పిన న్యాయశాస్త్రం సినిమాలో చాలా వరకు పోయినా కథ కూలిపోలేదు.

ఆ మరుసటి ఏడాది ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవల ‘ఛాలెంజ్’గా తెరకెక్కింది. ఐదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని హీరో పందెం కాస్తాడు. 1984లో యాభై లక్షలంటే డెల్టాలో పెద్ద రైతుకి కూడా ఊహకందే మొత్తం కాదు. ఈ కథలో యండమూరి చదివిన చదువు పైకి తేలి కనపడుతుంది. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, ఎవరి అవసరం ఎవరికి లాభం, చేతిలో పెట్టుబడి లేనివాడు పక్కవాడి పెట్టుబడిని తన పనికి ఎలా తిప్పుకోవచ్చు, ఇవన్నీ హీరో ఫైట్లకంటే ఆసక్తిగా ఉంటాయి. అప్పటివరకు మన సినిమాలో పేద హీరో ధనవంతుడు కావాలంటే లాటరీ తగలాలి, లేకపోతే తను జమీందారు కొడుకని ఆఖర్న తెలియాలి. లెక్కేసుకుని, రిస్కు తీసుకుని, ఒక్కో మెట్టు ఎక్కే హీరో కుర్రకారుకి కొత్త. డిగ్రీ పాసై ఉద్యోగం లేక కాలవ గట్టు మీద సాయంత్రాలు గడిపే ఆ తరానికి ఈ కథ ఎంత ధైర్యమిచ్చిందో ఆ వయసువాళ్ళని ఎవరినడిగినా చెబుతారు.

ఆ తర్వాత అదే జట్టుతో 1986లో ‘రాక్షసుడు’, 1988లో ‘మరణ మృదంగం’. మధ్యలో ‘నల్లంచు తెల్లచీర’ నవల 1987లో ‘దొంగమొగుడు’ అయింది. ‘థ్రిల్లర్’ నవల 1989లో ‘ముత్యమంత ముద్దు’గా వచ్చింది. ఒక రచయిత నవలలు ఇంత తక్కువ కాలంలో ఇన్ని సినిమాలు కావడం, అదీ అగ్రహీరోకి వరసగా కావడం తెలుగులో అరుదు.

అన్నీ ఒకేలా పండలేదు. సినిమాకి కావాల్సింది సంఘటన. యండమూరి బలం మాత్రం సంఘటన మీద తక్కువ, సంఘటన గురించి ఎవరికి ఎంత తెలుసు అన్నదాని మీద ఎక్కువ. పాఠకుడికి తెలిసి పాత్రకి తెలియనిది, పాత్రకి తెలిసి పాఠకుడికి చెప్పనిది, ఇద్దరికీ తెలిసినా రచయిత ఇంకో అర్థంలో వాడబోయేది. ఇవన్నీ వాక్యాల్లో దాగి ఉంటాయి. కెమెరా ముందు పెడితే గదిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. అందుకని స్క్రిప్టు రాసేటప్పుడు ఆ లోపలి లెక్కంతా తీసేసి పైన ఉన్న కథనే తీసుకుంటారు. ఆ కథకి ఫైటూ పాటా కలిపితే అది ఎవరు రాసిన సినిమా అయినా కావొచ్చు. నవల చదివి థియేటర్‌కి వెళ్ళినవాళ్ళు బయటికొస్తూ ‘పుస్తకంలా లేదు’ అనడం వెనక ఉన్న సంగతి ఇదే.

దీనికి మంచి ఎదురు ఉదాహరణ తెలుగులో కంటే కన్నడంలో దొరుకుతుంది. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో ఒక చెస్ ఆటగాడికి ముక్కూమొహం తెలియని అమ్మాయి ఫోన్ చేస్తుంది, తనెవరో కనుక్కోమని పందెం వేస్తుంది. అతను ఆధారాలు కూడదీసుకుంటూ పోతాడు, గొంతు మాత్రమే తెలిసిన మనిషి మీద ప్రేమ పెరుగుతుంది. దీన్ని 1995లో సునీల్ కుమార్ దేశాయ్ ‘బెళదింగళ బాలె’గా తీశారు, అనంత్ నాగ్ హీరో. ఆ అమ్మాయి మొహం ప్రేక్షకుడికి చూపించలేదు. అంత పేరున్న హీరోతో తీస్తూ హీరోయిన్ మొహం లేకుండా సినిమా నడపడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం వల్లే నవల్లో ఉన్న పట్టు తెర మీదికి వచ్చింది. పాఠకుడు ఏది చూడకుండా ఊహించుకున్నాడో ప్రేక్షకుడు కూడా అదే చూడకుండా ఊహించుకున్నాడు. నవలని సినిమా చెయ్యడమంటే కథని మొయ్యడం ఒక్కటే కాదు, దాచినదాన్ని దాచి ఉంచడం కూడా అని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

సినిమా రాతలో ఆయనకి పేరున్న ఇంకో ఘట్టం ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, కె.రాఘవేంద్రరావు సినిమా. ఆ కథని స్క్రీన్‌ప్లేగా మలిచిన జట్టులో యండమూరి ఉన్నారు, మాటలు జంధ్యాల. ఇక్కడ వసిష్ఠ నదిని ఒకసారి తలుచుకోకుండా ఉండలేం. యండమూరి పుట్టిన రాజోలు నదికి ఇటు, జంధ్యాల పుట్టిన నర్సాపురం నదికి అటు, చిరంజీవి సొంతూరు మొగల్తూరు నర్సాపురానికి కూతవేటు దూరం. పంటు దాటితే ముగ్గురి ఊళ్ళూ ఒక్కపూటలో తిరిగి రావచ్చు. ఆ సినిమా విడుదలైన 1990 మే 9నే పెద్ద తుఫాను ఆంధ్ర తీరాన్ని తాకింది. డెల్టా అంతా నీళ్ళు, రోడ్లు తెగిపోయాయి, కరెంటు లేదు. ఆ వానలో కూడా జనం థియేటర్లకి వెళ్ళారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ రోజుల్లోనే దర్శకత్వం వైపు వెళ్ళారు. ‘అగ్నిప్రవేశం’ తీశారు, తర్వాత 1991లో చిరంజీవితో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’. రెండోది ఆడలేదు. కారణాలు చాలామంది చాలా చెబుతారు గానీ ఒకటి మాత్రం పైన చెప్పుకున్నదాంట్లోనే ఉంది. వారపత్రికలో ఎపిసోడ్ చదివాక వచ్చే ఏడు రోజులూ పాఠకుడే కథని మోస్తాడు. తను ఊహిస్తాడు, భయపడతాడు, పక్కింటివాళ్ళతో వాదిస్తాడు. సగం పని పాఠకుడి ఖాళీ టైములో జరిగిపోతుంది. రెండున్నర గంటల సినిమాలో ఆ ఖాళీ లేదు, ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు తప్ప. రచయితగా ఆ ఏడు రోజుల మీద అంత బాగా ఆధారపడ్డ మనిషికి, దర్శకుడిగా ఆ ఏడు రోజులూ చేతిలో లేకుండా పోయాయి.

ఇక విమర్శ సంగతి. ‘తులసిదళం’ వచ్చిన రోజుల నుంచీ ఆయన మీద ఉన్న పెద్ద ఆరోపణ మూఢనమ్మకాల్ని పెంచారని. రంగనాయకమ్మ చాలా కటువుగా రాశారు, హేతువాదులు వ్యతిరేకించారు. దీన్ని ఊరికే తోసెయ్యడానికి లేదు. నవల్లో వైద్యపరమైన వివరణ కూడా పక్కనే నడుస్తుంది, ఏది నమ్మాలో పాఠకుడికే వదిలేశారు అన్నది ఆయన తరఫున చెప్పే వాదన. కాగితం మీద అది నిజమే. అయితే తరాజులో రెండు పళ్ళాలూ పెట్టినంత మాత్రాన బరువు సమానం కాదు. ఒకవైపు డాక్టరు చెప్పే మాట, మరోవైపు అర్ధరాత్రి శ్మశానం, నిమ్మకాయలు, రక్తం. రచయిత కలం ఎటు కదిలినప్పుడు ఎక్కువ ప్రాణం పోసుకుందో చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. చేతబడి చేస్తారన్న అనుమానంతో ఒంటరి ఆడవాళ్ళని, ముసలివాళ్ళని కొట్టడం, చంపడం దాకా వెళ్ళిన సమాజం మనది. అలాంటి చోట అంత చదివించే శక్తి ఉన్న కలం ఆ భయానికి కొత్త పేర్లు, కొత్త పద్ధతులు ఇచ్చింది. అంతకుముందు కాష్మోరా అన్న మాట తెలియని ఊళ్ళో కూడా పిల్లలు దాన్ని పలికారు. విమర్శకుల పక్షాన న్యాయం ఉంది. నవల గొప్పగా చదివిస్తుంది అన్నది కూడా నిజమే, అందుకే ఆ విమర్శకి అంత బరువు.

ఇంగ్లీషు థ్రిల్లర్ల నుంచి తీసుకున్నారన్న మాట కూడా మొదటి నుంచీ ఉంది. ప్రభావం లేదని ఎవరూ అనరు. అయితే ఐడియా ఎక్కడిదైనా, తెలుగు వారపత్రికలో, తెలుగింట్లో, వంటింటి మాటల మధ్య దాన్ని నమ్మించడం వేరే పని. బయటి నుంచి తెచ్చిన మొక్క బతికిందంటే ఇక్కడి మట్టి సంగతి తెలిసిన చెయ్యి పడిందనే అర్థం.

1990ల్లో ఇళ్ళల్లోకి శాటిలైట్ టీవీ వచ్చింది, రోజూ సీరియల్ వచ్చేసరికి వారం ఆగే ఓపిక పోయింది. వారపత్రికలు పలచబడ్డాయి, ఒక్కొక్కటే ఆగిపోయాయి. యండమూరి రాయడం ఆపలేదు, దారి మార్చారు. ‘విజయానికి ఐదు మెట్లు’ లాంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు నవలలకి దీటుగా అమ్ముడయ్యాయి. థ్రిల్లర్ రాసే మనిషి సలహాల పుస్తకాలేంటి అని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. జాగ్రత్తగా చూస్తే పెద్ద మార్పేం లేదు. ‘ఛాలెంజ్’ హీరో ఐదేళ్ళలో చేసిన పనే ఇక్కడ పాఠకుడిని చెయ్యమంటున్నారు, లక్ష్యం పెట్టుకో, గడువు పెట్టుకో, లెక్క చూసుకో. తేడా ఏంటంటే కథలో ఓడిపోతే ఏం పోతుందో రచయిత చూపించాలి, సలహాలో దాన్ని పాఠకుడే ఊహించుకోవాలి. ఆ తేడా వల్లే సలహా పుస్తకం ఎంత బాగున్నా నవలంత గట్టిగా మనసులో నిలవదు. కాకినాడ దగ్గర సరస్వతీ విద్యాపీఠం పెట్టి పిల్లలకి చదువు, వ్యక్తిత్వం గురించి చెప్పడం కూడా ఈ దారిలోదే.

ఇప్పుడు ఓటీటీల్లో వెబ్ సిరీస్ రాసే కుర్రాళ్ళు ఎపిసోడ్ ఎక్కడ ఆపాలి అని తల పట్టుకుంటున్నారు. చాలా సిరీసుల్లో ఎపిసోడ్ చివర తుపాకీ పేలడమో, తలుపు తెరుచుకోవడమో ఉంటుంది, అది మొదటి రకం ముగింపు. ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి వదిలేస్తే అది కూడా అక్కర్లేదు, తరవాతది దానంతటదే మొదలవుతుంది. వారానికొకటి వదిలే సిరీసులకి మాత్రం మళ్ళీ ఆ పాత ఇబ్బందే, ఏడు రోజులు జనం మోసుకు తిరిగేది ఏం ఇవ్వాలి? బయటి దేశాల సిరీసులు చూసి నేర్చుకోవచ్చు, తప్పులేదు. మన భాషలోనే, మన ఇళ్ళ గొడవల మధ్యే, నలభై ఏళ్ళ కిందట వందల వారాలు ఈ పని చేసిన నవలలు ఉండగా వాటిని పక్కన పెట్టుకుని ఎపిసోడ్ ఎపిసోడ్‌గా విడదీసి చూడకపోవడం మాత్రం నష్టం.

అయితే అలా చూడాలంటే ఇప్పుడు షాపుల్లో దొరికే నవల పనికిరాదు. పుస్తకంగా వేసినప్పుడు ఎపిసోడ్ల అతుకులు కనపడకుండా పోతాయి, వారం ఎక్కడ ఆగిందో తెలియదు. కావాల్సింది ఇళ్ళల్లో చేసుకున్న బైండు. కోనసీమలో పాత పెంకుటిళ్ళలో అటక మీద ఇప్పటికీ అక్కడక్కడా ఉంటాయి. వారం వారం పత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి, వరసపెట్టి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి, పైన ఇంకుపెన్నుతో నవల పేరు రాసి పెట్టుకున్నవి. ఒకవైపు కథ, వెనక పేజీలో సగం పిండివంటల శీర్షిక, సగం తలనూనె ప్రకటన. అంచులు తేమకి పసుపెక్కి, కొన్నిచోట్ల చెదపురుగు గీతలు. అద్దెకి నవలలిచ్చే షాపు బైండ్లయితే ఇంకా నలిగిపోయి ఉంటాయి, మార్జిన్లో పెన్సిల్‌తో ఎవరో ‘తరవాతి పేజీ రాత్రి చదవొద్దు’ అని రాస్తే, కింద ఇంకొకరు ‘చదివాను’ అని రాసి ఉంటారు. కొన్ని పేజీలకొకసారి ఒక విడత ముగుస్తుంది, అక్కడ కథ అడుగున కుడివైపు చిన్న అక్షరాల్లో ‘సశేషం’ అని అచ్చులో అలాగే ఉంటుంది.